నీలం దారం

పోయిన వారం మనం దర్జీని కుట్టు మిషన్ ముందు వదిలి వచ్చాం. సూది విరిగింది, కొత్తది బిగించే ఓపిక ఆమెకు లేదు. వెనక గదిలో ఆమె మొగుడు మేస్త్రీ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు.

వాగుకు అడ్డంగా ప్రభుత్వం వారి చెక్‌డ్యామ్ కట్టింది ఆ మేస్త్రీయే. మొదటి పెద్ద వానకే డ్యామ్ పక్కనున్న మట్టికట్ట తెగింది. వరద తిన్నగా వెళ్ళి పల్లంలో ఉన్న పిన్ని చేను మీద పడింది. పోయింది పైరే అయితే మళ్ళీ వేసుకోవచ్చు. పోయింది మట్టి. తరాల తరబడి ఎరువు తోలి, ఒళ్ళు వంచి పెంచుకున్న నల్లమట్టి ఒక్క పూటలో వాగులో కలిసిపోయి, అడుగున రాతిపలక తేలింది. పిన్ని అంటే దర్జీకి రక్తసంబంధమేమీ లేదు, వరస కలుపుకున్న పిన్ని. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది. కుట్టమని ఇచ్చిన గుడ్డను కత్తెర పడకముందే వెనక్కి పట్టుకుపోయింది.

నేలనూ నీటినీ కాపాడడానికి వచ్చిన పథకం నేలనే ఎత్తుకుపోయిందని ఊళ్ళో ఒకటే వెటకారం. వెటకారం కాస్త ముదిరితే దానికో మనిషి కావాలి. మేస్త్రీ దొరికాడు. డ్యామ్ గోడ చివర ఒడ్డులోకి చొచ్చుకుపోయే భాగాన్ని రెక్కగోడ అంటారు. దాన్ని పొట్టిగా కట్టి ఉంటాడని, అందుకే నీళ్ళు గోడను చుట్టుకుని పోయి ఉంటాయని పథకం పనులు చూసే ఇంజనీరమ్మ అనుమానం. తప్పు మేస్త్రీదని తేలితే ఈ పథకం కింద ఏ ఊళ్ళోనూ అతను తాపీ పట్టడానికి వీల్లేదు. ఈ చుట్టుపక్కల పథకం పనులు తప్ప కట్టడానికి ఇంకేమీ లేవు. అంటే మేస్త్రీ తాపీ కడిగి అటక మీద పెట్టుకోవాల్సిందే.

అది కొలిచి చూడడానికి ఇంజనీరమ్మ వచ్చే రోజు ఇవాళ.

పొద్దున్నే దర్జీ పొయ్యి దగ్గర గిన్నెలన్నీ ఒకదాని మీద ఒకటి ఎత్తి పడేస్తోంది. ఆమెకు కోపం వస్తే గిన్నెలకు మూడినట్టే.

"రెక్కగోడ పొట్టిగా కట్టారా మీరు?" అని అడిగింది.

"లేదు," అన్నాడు మేస్త్రీ.

"సిమెంటు తగ్గించారా?"

"లేదే."

"మరి ఆ రెండు ముక్కలూ ఆవిడ మొహం మీద చెప్పడానికేం? నోట్లో కాంక్రీటు పోసుకున్నారా?"

మేస్త్రీ చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. పదేపదే తీసి మళ్ళీ దూర్చాడు. "పోనీలేవే. ఇంకో ఊరు పోదాం. గోడలు కట్టకపోతే బతకమా?"

ఆ మాటతో దర్జీకి ఒళ్ళంతా మండిపోయింది. తప్పు చేసి తల దించుకునేవాణ్ణి చూసింది. తప్పు చేసీ తల ఎగరేసేవాళ్ళను బోలెడుమందిని చూసింది. తప్పు చేయకుండా తల దించుకునే ఈ మనిషిని మాత్రం ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. కట్టుకున్నవాడు గాబట్టి కొట్టలేక చేతిలో ఉన్న మూతను గోడకేసి కొట్టింది.

"మీరు మాట్లాడకపోతే నేను మాట్లాడతాను. పదండి," అంది.

వాగు దగ్గరికి వెళ్ళేసరికి ఊళ్ళో సగంమంది అక్కడే ఉన్నారు. వరద తగ్గిపోయింది. డ్యామ్ గోడ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. గోడ నడిమి భాగం పక్కలకంటే కాస్త తగ్గి ఉంటుంది, అదే అలుగు. నీళ్ళు నిండితే అలుగు మీదుగా పొర్లి, కింద పరిచిన రాళ్ళ మీద పడి, కోపం చల్లారి, బుద్ధిగా వాగులో కలవాలి. అందుకే కట్టినరోజునే ఇంజనీరమ్మ అందరినీ నిలబెట్టి చెప్పింది. అలుగుకు ఏదీ అడ్డం పెట్టొద్దని. అలుగు ఎత్తు పెరిగితే నీళ్ళు పక్కనున్న మట్టికట్ట మీద పడతాయని. కట్టినదాన్ని ఊరివాళ్ళు మార్చారని తెలిస్తే ఈ ఊరికి రెండో విడత పనులు ఉండవని. రెండో విడత అంటే పైచేలన్నిటికీ వాలుకు అడ్డంగా గట్లు, గట్ల మీద గడ్డి, చేనుకో నీటిగుంట. ఊరంతా ఆ రెండో విడత కోసమే కాచుకుని ఉంది.

గోడ పక్కన మాత్రం కట్ట లేదు. ఎవరో పన్ను పీకినట్టు పెద్ద సందు. ఇంజనీరమ్మ ఆ సందు అవతలి అంచున టేపు పట్టుకుని కొలుస్తోంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. అయితే తన కళ్ళకు కనిపించినదాన్ని తప్ప ఊళ్ళో ఎవరి మాటా నమ్మకూడదని ఎక్కడో దెబ్బతిని నేర్చుకున్న మనిషి.

నీటిసంఘం పెద్దగా దర్జీ అన్నయ్య ఆవిడ వెనకాలే గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. "కట్టింది మా బావే మేడం. నేనేం మాట్లాడినా ఇంటివాణ్ణి వెనకేసుకొస్తున్నాడంటారు. మీరెలా అంటే అలా," అన్నాడు.

ఎంత నిజాయితీ, ఎంత వినయం. ఆ మాట విన్నవాళ్ళు తలలూపారు. దర్జీ మాత్రం పళ్ళు నూరుకుంది. వెనకేసుకు రమ్మని ఎవరూ అడగలేదు. కనీసం ముందుకు తొయ్యకుండా ఉంటే చాలు.

పిన్ని ఒడ్డున రాయి మీద కూర్చుని ఉంది. మేస్త్రీని చూడగానే లేచింది. "వచ్చాడండీ మహానుభావుడు. నా చేను మింగి ఎంత చల్లగా నడిచొస్తున్నాడో చూడండి. గోడ కట్టమంటే బొమ్మరిల్లు కట్టాడు," అంది.

మేస్త్రీ తల ఇంకాస్త దించాడు.

"బొమ్మరిల్లయితే గోడ ఎందుకు నిలబడింది పిన్నీ?" అంది దర్జీ. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తెగింది మట్టికట్ట. గోడకు గీత కూడా పడలేదు. మేడం, మీ అనుమానం రెక్కగోడ మీదే కదా. అది ఒండ్రు కింద కప్పబడి ఉంది. తవ్వి చూడకుండానే పొట్టిదని ఎలా అన్నారు?"

ఇంజనీరమ్మ టేపు దించింది. "పొట్టిదని అనలేదమ్మా, అయ్యుండొచ్చన్నాను. తవ్వించే చూస్తాను. కూలీలను పంపమని చెప్పాను, వచ్చే వారం వస్తారు."

"వచ్చే వారం దాకా మా ఆయన దొంగగా తిరగాలా?"

ఎవరి దగ్గర లాక్కుందో ఆమెకే తెలియదు, గడ్డపార చేతిలోకి వచ్చింది. అలుగు ముగిసేచోట డ్యామ్ గోడ, రెక్కగోడ కలిసే మూలలోకి దిగింది. అక్కడ వరద తెచ్చిన ఒండ్రు, కంప, గడ్డి కలిసి గట్టిపడి ఉన్నాయి. రెక్కగోడను కొలవాలంటే మొదలు నుంచే కదా కొలవాలి, అందుకని అక్కడే మొదలుపెట్టింది.

"నువ్వెందుకమ్మా, ఇలా తే," అంటూ అన్నయ్య గొడుగు ముడిచి పరుగున వచ్చాడు. అతనికంటే ముందు మేస్త్రీ వచ్చాడు. పొద్దున్నుంచీ ఉలుకూ పలుకూ లేని మనిషి ఒక్క దూకులో మూలలోకి దిగి గడ్డపార పట్టుకున్నాడు.

"వద్దే. ఆగు. నా మాట విను," అన్నాడు.

"ఇప్పుడొచ్చిందా మాట?" అని ఆమె గడ్డపార గుంజుకుంది. తన పెళ్ళాం పదిమందిలో బురదలోకి దిగిందని నామోషీ పడుతున్నాడనుకుంది. నామోషీ అట, నామోషీ. ఊరంతా మొహాన ఉమ్మేస్తుంటే రాని నామోషీ.

ఆ కసి అంతా గడ్డపార మీద చూపించింది. ఒండ్రు పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. అన్నయ్య ఒడ్డున నిలబడి ఏదో అంటున్నాడు, ఆమె వినడం లేదు. ఇంజనీరమ్మ మళ్ళీ సందు అవతలికి వెళ్ళి తన కొలతల్లో పడింది. మేస్త్రీ మాత్రం మూలలోనే ఓ పక్కన కూలబడ్డాడు.

గడ్డపార మొన మెత్తటిదాంట్లో దిగి ఇరుక్కుంది. రాయి కాదు, మట్టి కాదు. లాగితే చిరిగిన చప్పుడైంది. దర్జీ చేత్తో బురద తుడిచింది. పసుప్పచ్చ ప్లాస్టిక్ సంచి. దాని మూతి మీద రెండు మడతలు పెట్టి వేసిన కుట్టు. నీలం దారం.

ఆ దారం లోకంలో ఎవరు మర్చిపోయినా ఆమె మర్చిపోదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టగా మిగిలిన ముదురు నీలం కండెలు. సంచి మూతికి రెండు మడతలు పెట్టేది ఈ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. ఒక్క మడతైతే బరువుకు నోరు తెరుస్తుందని ఆమె నమ్మకం. వానలకు ముందు అన్నయ్య వచ్చి విత్తనాలకు చిన్న సంచులు కావాలన్నాడు. విత్తనాలకు అన్ని సంచులెందుకని ఆమె అడగలేదు. తోడబుట్టినవాడు అడిగాడు, కుట్టి ఇచ్చింది.

దర్జీ తలెత్తి అన్నయ్యను చూసింది. ఆమె చూసిందని అతను చూశాడు.

"మట్టి కప్పెయ్యి చెల్లీ," అన్నాడు మెల్లగా, ఒడ్డు మీద గొంతుక్కూర్చుని. ఎవరైనా చూస్తే చెల్లెలికి బుద్ధి చెప్తున్నాడనుకుంటారు. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇవి విత్తనాల సంచులు కదూ అన్నయ్యా?"

"మెల్లగా మాట్లాడు."

"అలుగు మీద పెట్టావు. నీళ్ళు ఇంకాస్త నిలుస్తాయని అలుగు ఎత్తు పెంచావు. నీళ్ళు వెళ్ళి కట్ట మీద పడ్డాయి. అంతేనా?"

"నా ఒక్కడి కోసమా? ఎండాకాలం బావులన్నీ అడుగంటితే ఎంతమంది నా గుమ్మంలో కూర్చున్నారో నీకు తెలీదా? ఇంకో జానెడు నీళ్ళు నిలిస్తే ఇంకో పంట గట్టెక్కుతుందన్నారు. చిన్న చిన్న వానలకు బాగానే ఆగింది. అంత వాన పడుతుందని ఎవరనుకున్నారు?" అన్నయ్య అటూ ఇటూ చూశాడు. "ఇది బయటపడితే ఊరికి రెండో విడత లేదు. పైచేలన్నీ ఏటా ఇలాగే కోసుకుపోతాయి. ఒక్క పిన్ని చేను కాదు, అందరివీ. అదే మేస్త్రీ పనితనం బాలేదంటే మేస్త్రీని మారుస్తారు, కట్ట మళ్ళీ వేస్తారు, పథకం ఉంటుంది. ఊరు బతుకుతుంది. బావకు వేరే ఎక్కడైనా పని నేను చూస్తాను. మాటిస్తున్నాను."

మాటిస్తున్నాడట. దర్జీకి నవ్వొచ్చింది. ఆ నవ్వు వచ్చినప్పుడు దగ్గర ఎవరూ ఉండకూడదు.

"అలుగు మీద పెట్టిన సంచులు చాలక మా ఆయన్ని కూడా తెచ్చి పెట్టావన్నమాట. ఆయన పేరు అడ్డం వేస్తే ఊరు మునక్కుండా ఉంటుంది. వరద ఆయన్ని ఎత్తుకుపోయినా పర్లేదు, ఇంకో సంచి దొరుకుతుంది. తోడబుట్టినదాని మొగుడు నీకు మట్టిసంచి."

"చెల్లీ, నోరు..."

"నోరు ఇప్పుడే తెరిచాను. మొయ్యను. మేడంని పిలుస్తాను."

అన్నయ్య మొహంలో భయం కనిపిస్తుందనుకుంది. జాలి కనిపించింది. అది ఆమెకు ఇంకా మండింది.

"పిలువు," అన్నాడు అన్నయ్య. "పిలిచే ముందు ఆ సంచి ఒక్కటే కాదు, దాని కింద కూడా చూడు."

దర్జీ వంగి ఒండ్రు తోసింది. సంచి కింద సంచులు, వాటి కింద ఇంకో వరస. అలుగు నడిమధ్యవి వరద లాక్కుపోయి ఉంటుంది, మూలలో ఇవి మాత్రం ఇరుక్కుని ఉండిపోయాయి. ఇరుక్కున్నవి కావు. పేర్చినవి. ఒకటి అడ్డం, ఒకటి నిలువు. కింది వరసలో రెండు సంచులు కలిసేచోట పైవరస సంచి నడుము వచ్చేలా, అతుకు మీద అతుకు పడకుండా. మూలలో సందు రాకుండా సగం సంచి మడిచి సర్ది ఉంది. ఇటుకలు అలా పేరుస్తారు. అన్నయ్య జన్మలో రెండు రాళ్ళు తిన్నగా పెట్టి ఎరగడు.

ఆమె కుట్టిన సంచి మీద అతను పేర్చిన వరస. ఇద్దరి పనితనమూ ఒకేచోట, చక్కగా, గట్టిగా, ఊరి కొంప ముంచడానికి.

"మీరేనా?" అంది మొగుడితో. 

మేస్త్రీ తన అరచేతులు చూసుకుంటూ ఉన్నాడు. "మీ అన్నయ్య అడిగాడు. ఎవరో అడ్డదిడ్డంగా పేరిస్తే గోడకు దెబ్బని నేనే పేర్చాను. నా గోడ ఆగుతుందని తెలుసు. ఆగింది కూడా." అరచేతులు పంచెకు తుడుచుకుని, "కట్ట సంగతి ఆలోచించలేదే. గోడ సంగతే ఆలోచించాను," అన్నాడు.

"అందుకేనా మాట్లాడనిది?"

"ఏమని మాట్లాడను? గోడ తప్పు లేదంటే సంచుల తప్పు చెప్పాలి. సంచులంటే నేను, మీ అన్నయ్య, ఊరు. నువ్వు కూడా. అందరికంటే నేనొక్కణ్ణి పోవడం చవక అనుకున్నాను."

"నాకు చెప్పకుండా," అంది దర్జీ. "ఇన్ని రోజులు పిన్ని తిట్లు తింటూ, నా ముందు అమాయకుడిలా కూర్చుని, నేను మీ తరఫున ఊరందరితో దెబ్బలాడుతుంటే వింటూ."

 ఆమెకు అప్పుడు అన్నయ్య మీద ఎంత కోపం ఉందో మొగుడి మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఇద్దరూ కలిసి ఊరిని ఎలా కాపాడాలో నిర్ణయించుకున్నారు. ఆమెను సంచులు కుట్టమన్నారు. అంతవరకే ఆమె పని.

"అమ్మా, రెక్కగోడ కనిపించిందా?" అంటూ ఇంజనీరమ్మ టేపు చుట్టుకుంటూ ఇటు వస్తోంది. ఆవిడ వెనకే పిన్ని, పిన్ని వెనక మిగతా ఊరు.

అన్నయ్య లేచి నిలబడి గొడుగు విప్పాడు. మేస్త్రీ లేవలేదు. కాలితో కాస్త ఒండ్రు తోస్తే చాలు, సంచి మళ్ళీ కనిపించదు. కప్పితే ఆమె మొగుడు చెయ్యని తప్పుకు దోషి. తెరిస్తే చేసిన తప్పుకు దోషి, అన్నయ్యతో సహా, రెండో విడతతో సహా. ఎటు చూసినా తాపీ అటక ఎక్కేదే. అయినా ఆమెకు తేడా తెలుసు. ఒకదాంట్లో పిన్ని చేను ఎందుకు పోయిందో పిన్నికి ఎప్పటికీ తెలియదు.

"ఇటు రండి మేడం," అంది దర్జీ. "పిన్నీ, నువ్వు కూడా రా. ముందు నువ్వు రా."

గడ్డపారతో చిరిగిన సంచిని రెండు చేతులా పట్టుకుని బయటికి లాగింది. చిరుగు పెద్దదై లోపలి మట్టి వాళ్ళ కాళ్ళ ముందు కుప్పగా పడింది. నల్లమట్టి. వాగు ఒడ్డంతా ఎర్ర గరప. కట్ట వేసింది కూడా ఆ ఎర్రమట్టితోనే. ఈ చుట్టుపక్కల నల్లమట్టి ఉన్నది ఒకే ఒక్క చోట, నిన్నమొన్నటి దాకా.

ఇంజనీరమ్మకు చెప్పాల్సిన పని లేకపోయింది. సంచి, అలుగు, కట్ట తెగిన చోటు, ఒకదాని తర్వాత ఒకటి చూసింది. మొహం ఎర్రబడింది. "అలుగు మీద పెట్టారా? నేను అంతలా చెప్పినా పెట్టారా?" అంది. "ఎవరు?"



"కుట్టింది నేను," అంది దర్జీ. "నీలం దారం నాది, రెండు మడతలు నావి. దేనికని అడక్కుండా కుట్టాను, ఆ తప్పు నాది. మిగతాది వీళ్ళు చెప్తారు. ఎవరి నోటితో వాళ్ళు చెప్పాలి. చెప్పేదాకా నేను ఈ గుంటలోంచి లేవను." అని చిరిగిన సంచి పక్కనే బురదలో కూర్చుంది.

అన్నయ్య గొడుగు ముడిచాడు. మేస్త్రీ లేవబోయి గోడ పట్టుకున్నాడు. దర్జీ వాళ్ళిద్దరినీ చూడలేదు, పిన్నిని చూసింది. ఈ మట్టి చూసి పిన్ని శోకాలు పెడుతుందని, అన్నయ్య గొంతు పట్టుకుంటుందని, పట్టుకోవాలని చూస్తోంది. పిన్ని అలాగే నిలబడి ఉంది. ఆమె మొహంలో కోపం లేదు. ఏడుపు లేదు. ఆశ్చర్యం అసలే లేదు.

పిన్ని వంగి గుప్పెడు నల్లమట్టి తీసుకుంది. వేళ్ళ మధ్య నలిపింది.

"నా చేలోదే మేడం," అంది. "అలుగు మీద పెట్టే సంచుల్లోకి తవ్వుకోమన్నది నేనే. నా బావిలో ఎండాకాలం దాకా నీళ్ళుంటాయన్నారు."

ఇంజనీరమ్మ టేపు చుట్టడం ఆపేసింది.